బంధువులున్న దారిలో హోటల్ రైలు

అది మూడు రోజుల యాత్ర. రైలు మూడు రోజులూ శుభ్రంగా తిరిగింది. మేం మాత్రం మధ్యలో మిగిలిపోయాం. వచ్చిన దగ్గర్నుంచీ వీధిలో ఎవరు కనబడినా "ఎలా ఉందే ఆ హోటల్ రైలు?" అని ఆపేస్తున్నారు. ఒక్కొక్కరికీ నిలబడి చెప్పే ఓపిక నాకిప్పుడు లేదు, ఆరో నెల నడుస్తోంది. అందుకని అందరికీ కలిపి ఒకేసారి రాసి పడేస్తున్నాను. ఎక్కాలనుకునేవాళ్ళు చదువుకోండి. మా అమ్మలాంటి అమ్మ ఉన్నవాళ్ళు రెండుసార్లు చదువుకోండి.

మాకు బెజవాడ ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల కొట్టు ఉంది. మావారు లోపలుంటే నేను కౌంటర్‌లో కూర్చుంటాను. ఇంటర్ తప్పినా బేరింగుల నంబర్లు తప్పను. ఇంజన్ ఆయిల్ కంపెనీవాళ్ళు పెట్టిన స్కీములో మాకు ఇద్దరికి ఈ రైలు టికెట్లు వచ్చాయి. రైల్లోనే గది, మంచం, బాత్‌రూం, భోజనాలు. కిటికీలోంచి కృష్ణా డెల్టా అందాలు. పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్న మినప చేలనే ఏసీలో కూర్చుని చూడాలన్నమాట. మావారు కొట్టు వదలరు. "అత్తయ్యగార్ని తీసుకెళ్ళు. కానుపయ్యాక నువ్వెక్కడికీ కదల్లేవు" అన్నారు.

అత్తయ్యగారంటే మా అమ్మ. ఉండేది కంకిపాడులో. నేను సరేనన్నది అందాల కోసం కాదు. ఆ రైలు భీమవరంలో ఆగుతుంది. భీమవరంలో మా పద్మ పిన్ని ఉంటుంది.

పద్మ పిన్ని అమ్మకి సొంత చెల్లెలు. నా హైస్కూలు చదువంతా వాళ్ళింట్లోనే. అలాంటి పిన్ని నా పెళ్ళికి రాలేదు. కారణం బొట్టు. మా వైపు పెళ్ళికి పిలవడమంటే ఇంటికెళ్ళి, ఆడవాళ్ళకి బొట్టు పెట్టి, నోటితో రమ్మని చెప్పాలి. ముహూర్తం దగ్గరపడి, చేతిలో మనుషుల్లేక, అమ్మ పిన్నికి శుభలేఖ వాట్సాప్‌లో పంపి ఒక ఫోన్ చేసింది. "సొంత చెల్లెలికి బొట్టేంటి? అదే ముందొచ్చి పనులు చేయాలిగానీ!" అని అమ్మ. "ముక్కూమొహం తెలీనివాళ్ళ ఇళ్ళకెళ్ళి బొట్టు పెట్టొచ్చింది, నాకు ఫోటో పంపింది" అని పిన్ని. అంతే, అప్పట్నుంచి మాటల్లేవు.

వచ్చే నెల నా శ్రీమంతం. నాకు గాజులు తొడిగేవాళ్ళలో పిన్ని ఉండాలి. నగలొద్దు, చీరలొద్దు, నాకు ఆ ఒక్కటి కావాలి. నేను పిలిస్తే రాదు, అమ్మే పిలవాలి. "భీమవరంలో దిగి బొట్టు పెట్టేసి వచ్చేద్దామమ్మా" అన్నాను రైలెక్కే ముందు.

"నేనా? దాని ఊరి మీదుగా వెళ్తున్నాను. దానికి అక్క కావాలనుంటే అదే వస్తుంది స్టేషన్‌కి" అంది అమ్మ.

"నువ్వొస్తున్నావని పిన్నికెలా తెలుస్తుంది? ఫోన్ చేశావా?"

"నేనెందుకు చేస్తాను?"

ఇదీ వరస.

బెజవాడ స్టేషన్

ప్లాట్‌ఫాం మీద ఎర్ర తివాచీ పరిచారు. సన్నాయి పెట్టారు. ఒక్కొక్కరికీ బంతిపూల దండ వేసి కొబ్బరినీళ్ళు ఇచ్చారు. పక్క ప్లాట్‌ఫాం మీద గుంటూరు ప్యాసింజర్ కోసం నిలబడ్డ జనమంతా మమ్మల్నే చూస్తున్నారు. అందులో ఒకాయన పైకే అన్నాడు, "ఎవరండీ, ఎమ్మెల్యే బంధువులా?" అని. సిగ్గుతో చచ్చాను. అమ్మ మాత్రం దండ సర్దుకుని ఆయనకి నమస్కారం పెట్టింది.

మా గది బాగుంది, అబద్ధం చెప్పకూడదు. టేకు చెక్క, ఇత్తడి దీపాలు, అడుగుపెడితే కాలు దిగిపోయే తివాచీ. మంచం నిండా గులాబీ రేకులు చల్లి, తువ్వాలుని రెండు హంసల్లా మడిచి ముద్దు పెట్టుకుంటున్నట్టు నిలబెట్టారు. అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇదెవరి శోభనం గదే?"

వెనకే ట్రైన్ మ్యానేజర్ నిలబడి ఉన్నాడు. హైదరాబాద్ మనిషి, మర్యాదస్తుడు. "గెస్టులందరికీ ఇట్లనే చేస్తమమ్మా" అన్నాడు పాపం, నేల చూస్తూ. అమ్మ ఒక హంసని విప్పి రేకులన్నీ అందులోకి దులిపి, మూట కట్టి ఆయన చేతిలో పెట్టింది. "దేవుడికి వేసుకోండి బాబూ" అని.

ఇక భోజనం. తెల్లటి పెద్ద పళ్ళెం మధ్యలో రూపాయి బిళ్ళంత దోసె. మందులు కొలిచే గ్లాసంత గ్లాసులో పప్పుచారు. దానికి మెనూలో ఇంగ్లీషులో ఏదో పొడుగు పేరు. పెరుగన్నాన్ని కప్పులో బోర్లించి, పైన ఒక దానిమ్మ గింజ పెట్టారు. ఒక్కటే గింజ. అమ్మ ఆ గింజని పక్కన పెట్టి నావైపు చూసింది. "పోటీ పడి గెల్చుకున్నారు కదా మీ ఆయన. ఓడిపోయినవాళ్ళు ఇంట్లో కూర్చుని ముద్దపప్పు తింటున్నారు."

అలా మొదలైంది. మధ్యాహ్నం పూట అమ్మ ఫోన్ తీసి, దారిలో ఉన్న బంధువులందరికీ వరసగా చేసింది. "ఏం లేదు, ఊరికే చేశాను. మీ ఊరి మీదుగానే వెళ్తున్నాం. పిల్లకి ఆరో నెల. తిండా? ఏం చెప్పమంటావులే..."

భీమవరానికి మాత్రం చేయలేదు.

గుడివాడ

రైలు ఊరు దాటగానే లౌడ్‌స్పీకర్లో ఒకమ్మాయి చెబుతోంది, ఎడమవైపు చూడండి, సంప్రదాయ వ్యవసాయం అని. అందరూ కెమెరాలు తీశారు. చూస్తే ఎవరో ఒకాయన లుంగీ ఎగ్గట్టి మినుము పీకుతున్నాడు. మా ముందు సీట్లో ముంబై నుంచి ఒంటరిగా వచ్చిన దేశ్‌ముఖ్ అనే పెద్దావిడ "వావ్" అంది. అమ్మకి ఒళ్ళు మండింది. "అది ముదిరి రాలిపోతోంది. పోయిన వారం పీకాల్సింది. ఫోటో తీయాల్సిన చేను కాదది, తిట్టాల్సిన చేను."

గుడివాడ ప్లాట్‌ఫాం మీద మా మేనత్త నిలబడి ఉంది. చేతిలో నాలుగు గిన్నెల క్యారియర్.

మన దగ్గర ఇదొకటుంది కదా. మనవాళ్ళు మన స్టేషన్ మీదుగా వెళ్తున్నారంటే ఖాళీ కడుపుతో పోనివ్వం. రైలు రెండు నిమిషాలాగినా క్యారియర్ అందాల్సిందే. సాదా స్లీపర్ బోగీ అయితే కిటికీలోంచి అందిస్తారు. ఈ రైలుకి కిటికీలు తెరుచుకోవు. మేనత్త అద్దం మీద వేళ్ళతో టకటకా కొడుతూ బోగీ పొడుగునా వచ్చింది. లోపల అందరూ ఇది కూడా ప్రోగ్రాములో భాగమనుకుని చెయ్యి ఊపారు.

"వదినా! గారెలు! వేడిగా ఉన్నాయి!"

మ్యానేజర్ పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, బయటి ఫుడ్ లోపలికి తేవద్దు. రూల్ ఉన్నది."

"బయటిది కాదు బాబూ, మా ఆడపడుచు చేసింది" అంది అమ్మ, ఆ ముక్కతో రూలు రద్దయిపోయినట్టు.

గారెలు, కొబ్బరి పచ్చడి, పులిహోర, గడ్డపెరుగు. అమ్మ తలుపు దగ్గర క్యారియర్ అందుకుని రైలు వాళ్ళ పళ్ళేల్లోకే వంపేసింది. దేశ్‌ముఖ్ గారికీ నాలుగు గారెలు పెట్టింది. ఆవిడ ఫోర్కు పక్కన పడేసి చేత్తో తింది. "బహుత్ అచ్ఛా!" అంటూ ఇంకో రెండు.

అసలు తంటా తర్వాత. గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు కదా, కనీసం చిటికెడు పంచదారైనా వెయ్యాలి. పంచదార ఎక్కడ దొరుకుతుంది? అమ్మ మా బాత్‌రూంలోకి వెళ్ళి చిన్న చిన్న సబ్బులు, షాంపూ సీసాలు, దిండు మీద పెట్టిన చాక్లెట్లు, టీ పొట్లాలు, దొరికినవన్నీ నాలుగు గిన్నెల్లోకి సర్దేసింది. మేనత్త మహా సంబరపడింది. ఆ పూట నేను ఒట్టి నీళ్ళతో మొహం కడుక్కున్నాను.

పెడన, బందరు

పెడనలో కలంకారీ చూపిస్తామని దింపారు. అచ్చులు గుడ్డ మీద పెట్టి అరచేత్తో కొట్టే చప్పుడు, గుడ్డ నానబెట్టిన కరక్కాయ నీళ్ళ వాసన నిజంగా బాగున్నాయి. అచ్చు వేస్తున్నావిడ నా పొట్ట చూసి లేచి స్టూలిచ్చింది. "ఎన్నో నెలమ్మా? వేడి చేసేవి తినమాకు" అంది. తివాచీలు పరిచే రైల్లో ఎవరూ నన్ను ఆ మాట అడగలేదు.

తర్వాత గైడు తనకి తెలిసిన షాపుకి తీసుకెళ్ళాడు. చున్నీ పద్దెనిమిది వందలట. బెజవాడ బీసెంట్ రోడ్డులో ఆరు వందలకి వస్తుంది. కొందరు నోరుమూసుకుని కొంటున్నారు. అమ్మ కూర్చుని బేరం మొదలెట్టింది. ఏడొందలకి తెగింది. తెగాక ఊరుకోవచ్చుగా, ధర విని బయట మా బస్సెక్కేసినవాళ్ళందర్నీ పిలిచింది. ఇరవై మంది క్యూ కట్టారు. గైడు అప్పట్నుంచి మాతో మాట్లాడలేదు. బందరులో లడ్డూ పంచినప్పుడు మాకు విరిగినవి వచ్చాయి.

కైకలూరు

రెండో రోజు కొల్లేరు పక్షులు. పడవలో తీసుకెళ్ళి దుర్భిణీ ఇచ్చారు. చెట్ల నిండా గూడబాతులు. గొంతుకింద సంచీ వేలాడేసుకుని, ఒకదాన్నొకటి పొడుచుకుంటూ, ఒకే కొమ్మ కోసం గోల. దేశ్‌ముఖ్ గారు కళ్ళు తుడుచుకుంది అంత అందంగా ఉందని. నేను కళ్ళు తుడుచుకున్నది వాసనకి. ఆరో నెలలో పక్షుల రెట్టల వాసన ఎంత దూరం వస్తుందో ఆ టికెట్ మీద రాయరు.

స్టేషన్‌కొచ్చేసరికి అమ్మకి పెదనాన్న కొడుకు, మా మావయ్య, నిలబడి ఉన్నాడు. క్యారియర్ మూత తీయకముందే తెలిసిపోయింది, కొరమీను పులుసు. మ్యానేజర్ రెండు చేతులూ జోడించాడు.

"అమ్మా, జర నా మాటినండి. ఈ ట్రిప్పు బాగైతేనే రైలు నడుస్తది. లేకుంటే మా అందరికీ కష్టం. ఏసీ అంతా చేపల వాసనొస్తే పెద్దోళ్ళు నన్నేమంటరు?"

"పాపం, తిన్నావా నువ్వు?" అంది అమ్మ.

ఆయన తిన్నాడు. మా గదిలో, తలుపేసుకుని. రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. ఏసీ మొత్తం చేపల వాసనే.

మావయ్య దిగబోతూ, "పద్మక్కకి చెప్పాను, రేపొస్తున్నారని" అన్నాడు.

"నీకెందుకురా చెప్పడం? నిన్నెవడు చెప్పమన్నాడు?" అమ్మ కస్సుమంది. ఆయన మెట్టు దిగాక, వెనకాలే దిగి, "ఏమంది?" అని అడిగింది.

"ఏమీ అన్లేదు. 'ఊఁ' అంది."

"ఉత్త 'ఊఁ'నా?"

"ఉత్త 'ఊఁ'నే."

ఆ పూటంతా అమ్మ ఆ 'ఊఁ' గురించే. పొగరు 'ఊఁ'నా, ఏడుపు 'ఊఁ'నా అని. "నువ్వొక్క ఫోన్ చేస్తే తెలుస్తుంది కదమ్మా" అంటే, "నేనెందుకు చేస్తాను?" మళ్ళీ మొదటికే. పొట్టలోది కూడా విసుగ్గా ఒక తన్ను తన్నింది.

భీమవరం

మూడో రోజు పొద్దున్నే లేచేసరికి అమ్మ పట్టుచీర కట్టుకుని కూర్చుని ఉంది.

"పట్టుచీరేంటి?"

"ఏసీకి చలేస్తోంది."

రైలు ఆగింది. అందర్నీ రొయ్యల చెరువులు చూపించడానికి బస్సెక్కించారు. తిరిగొచ్చాక నరసాపురం వెళ్ళి లేసు అల్లికలు చూడాలి. అమ్మ కాళ్ళు నొప్పులంది. నేను తోడుండిపోయాను. అమ్మ నొప్పి కాళ్ళతోనే ప్లాట్‌ఫాం ఈ చివర్నుంచి ఆ చివరికి తిరిగింది. వంతెన దిగే ప్రతి ఆడమనిషినీ చూసింది. నేనూ చూశాను. పిన్ని రాలేదు. బస్సు చెరువుల నుంచి తిరిగొచ్చే వేళైంది. అప్పుడు వంతెన దిగుతూ బాబాయి కనబడ్డాడు. ఒక్కడే. చేతిలో క్యారియర్.

"బాగున్నారా వదినా?" అన్నాడు అమ్మతో. క్యారియర్ మాత్రం నాకిచ్చాడు. "మీ పిన్ని పంపిందమ్మా. నీకే అని మరీ మరీ చెప్పింది. ఖాళీ చేసిస్తే పట్టుకెళ్ళిపోతాను."

"పిన్ని రాలేదేం బాబాయ్?"

"పిలిస్తే వస్తానంది." ఆయన అమ్మవైపు చూడకుండా రైలుని చూశాడు. "బాగుందే మీ రైలు. లోపల కూడా ఇంతేనా?"

మూత తీశాను. పై గిన్నెలో మామిడికాయ పప్పు. రెండో గిన్నెలో నాకిష్టమైన కాకరకాయ కారం. కింది గిన్నెలో తెల్లగా, నేతితో మెరుస్తూ, పైన ఎండుకొబ్బరి ముక్కలతో చలిమిడి.

అమ్మ మొహం ఎర్రబడింది. తెలియనివాళ్ళకి చెబుతున్నాను. కడుపుతో ఉన్న ఆడపిల్లకి కడుపు చలవకి చలిమిడి పెట్టేది పుట్టింటివాళ్ళు. అంటే తల్లి. అమ్మ ఇంకా పెట్టలేదు, శ్రీమంతం రోజు పెడదామని ఆగింది. పిన్ని ముందే పెట్టేసింది.

"తల్లిని నేను బతికుండగానే అది చలిమిడి పెడుతుందా? నేనేమైనా పోయాననుకుందా?"

"వదినా, ప్రేమతోనే..." అన్నాడు బాబాయి.

"మీరుండండి మరిదిగారూ! దానికి ప్రేముంటే పెళ్ళికొచ్చేది!" క్యారియర్ మూత ఠప్పున వేసింది. "ఈ గిన్నెలు మీ చేతికివ్వను. దాని చేతికే ఇస్తాను. ఆటో పిలవండి!"

"అమ్మా, బస్సొచ్చేస్తుంది. రైలెళ్ళిపోతుంది."

"పోనీ!"

గదిలోకెళ్ళి చేతిసంచీ తెచ్చుకుంది. కాళ్ళకి రైలు వాళ్ళిచ్చిన తెల్ల గుడ్డ చెప్పులు అలాగే ఉన్నాయి. మ్యానేజర్ గేటు దాకా వెంటబడ్డాడు. "మేడమ్, రైలు ఆగదు మేడమ్, సిగ్నల్ ఇచ్చిన్రంటే నా చేతిలో ఉండదు!" నేను ఆటోలోంచి చేతులు జోడించడం తప్ప ఏం చేయగలను?

పిన్ని ఇల్లు రైలు కట్టకి దగ్గరే. ఆటో చప్పుడుకి తలుపు తెరుచుకుంది. పిన్ని జుట్టు కొద్దిగా నెరిసింది. గుమ్మం లోపల నిలబడింది. అమ్మ గుమ్మం బయట నిలబడింది. దెబ్బలాటకి గొంతు సవరించుకుంది. తీరా నోరు తెరిచేసరికి ముందు పిన్నే మాట్లాడింది, అమ్మతో కాదు, నాతో.

"ఇంత నీరసంగా ఉన్నావేంటే పిల్లా? ఏం పెడుతున్నారే నీకు?"

"నేను బాగానే పెడుతున్నాను!" అంది అమ్మ. "చలిమిడెందుకు పంపావే నువ్వు?"

"నా చేత్తో పెంచాను కాబట్టి పంపాను. శ్రీమంతానికెలాగూ ఫోటోయే పంపుతావుగా, రాలేను కదా అని ముందే పంపాను."

అమ్మ చేతిసంచీ విప్పింది. అందులో చెయ్యి పెట్టి ఒక్కొక్కటే తీసింది. కుంకుమ భరిణె, తమలపాకులు, వక్కలు, రెండు అరటిపళ్ళు, ఆకుపచ్చ జాకెట్టు ముక్క. ఆకులు తడిగుడ్డలో చుట్టి ఉన్నాయి. కంకిపాడు నుంచే తెచ్చిందన్నమాట! మూడు రోజులూ నన్ను కాల్చుకు తిని, అవన్నీ సంచీలో పెట్టుకునే తిరిగింది!

"ఇవన్నీ ఎప్పుడు సర్దావమ్మా?"

"నువ్వూరుకో." వేలితో కుంకుమ తీసింది. "ఇటు రా."

"గుమ్మంలో ఎవరైనా బొట్టు పెడతారా? నువ్వే లోపలికి రా" అంది పిన్ని.

"నువ్వు బయటికి రా. నేనింత దూరం వచ్చాను. నువ్వు ఒక్క అడుగు వెయ్యలేవా?"

"పిలవడానికొచ్చినదానివి ఇంట్లోకి రావా?"

ఇద్దరి మధ్యా ఒక్క గడప. బాబాయి ఆటో అతనికి డబ్బులిచ్చే మిషతో వీధిలోనే ఉండిపోయాడు. నా కాళ్ళు వాచి పెసర బూరెల్లా ఉన్నాయి. ఇక లాభం లేదని ఇద్దరినీ తోసుకుని లోపలికెళ్ళి కుర్చీలో కూలబడ్డాను. "మీ ఇష్టం. నేను మంచినీళ్ళు తాగి ఇక్కడే కంటాను" అన్నాను.

అప్పుడు అమ్మ లోపలికొచ్చింది. కట్ట మీద నుంచి రైలు కూత వినబడింది. ఎర్ర తివాచీ, ఇత్తడి దీపాలు, మా రెండు పెట్టెలు నరసాపురం వెళ్ళిపోయాయి. అమ్మ తలైనా తిప్పలేదు. పిన్ని నుదుటి దాకా చెయ్యి తీసుకెళ్ళి, "వచ్చే నెల శ్రీమంతం..." అని మొదలుపెట్టింది. పిన్ని ఆ చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"శ్రీమంతం సంగతి తర్వాత. ముందు పెళ్ళికి పిలు."

"ఏ పెళ్ళికే?"

"దాని పెళ్ళికి. నన్ను పిలవలేదుగా."

నేను పొట్ట పట్టుకుని చూస్తున్నాను. అమ్మ నన్ను చూసింది, పిన్నిని చూసింది, పళ్ళు కొరికింది. తర్వాత పైట సర్దుకుని, ముక్కూమొహం తెలియనివాళ్ళింటికి వెళ్ళినట్టు నిలబడి, పిన్ని నుదుట కుంకుమ పెట్టింది.

"మా అమ్మాయి పెళ్ళండి" అంది. "ఇంటిల్లిపాదీ రావాలి."

"తప్పకుండా వస్తామక్కా" అంది పిన్ని. "అబ్బాయి ఏం చేస్తుంటాడు?"